సీసాలాయన, మూడు రెక్కలు

షాపతను మూడు రెక్కల్ని గాజు బల్ల మీద వరసగా పెట్టి, "ఏది ఇమ్మంటారు సార్?" అన్నాడు. ఆ మాటకే సీసాలాయనకి మెడ వెనక చెమట పట్టింది.

మూడూ నలుపే. మూడింటి మొదట్లోనూ గాడిలో దూర్చడానికి ఒకే కొలత పట్టీ, బిగించడానికి ఒకే మర. ఆ పైన మాత్రం దేని దారి దానిదే. ఒకటి పొడుగ్గా, నిటారుగా, కత్తిలా ఉంది. ఇంకొకటి పొట్టిగా, మందంగా, ఎవరో కోపంలో సగం విరిచేసినట్టుంది. మూడోది బాగా వెనక్కి వాలిపోయి ఉంది, ఎదురుగాలిలో నడిచేవాళ్ల జుట్టులాగా.

నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే బోర్డు ఒకటుంటుంది. ఈ రెక్క దాని అడుగున ఉంటుంది, పైనున్న మనిషికి కనబడదు. అది లేకపోతే బోర్డు నీళ్ల మీద జారుతుంది గానీ చెప్పిన మాట వినదు. ఇంతవరకూ సీసాలాయనకి అర్థమైంది. ఆ తర్వాతిదే అర్థం కాలేదు.

"మీరు ఎలాంటి నీళ్లలో తిరుగుతారు?" అని అడిగాడు షాపతను.

"మంచినీళ్లలో."

షాపతను నవ్వు ఆపుకున్నాడు. "అది కాదు సార్. లోతు నీళ్లా, తక్కువ నీళ్లా?"

"లోతూ ఉంటుంది. ఒకచోట మోకాళ్ల దాకానే ఉంటుంది."

"నాచు?"

"అక్కడే ఉంటుంది."

"తిన్నగా పోవడం ముఖ్యమా, ఇట్టే తిరగడం ముఖ్యమా?"

"పోవాలి కదండీ. మళ్లీ తిరిగి రావాలి కదా."

పక్కనే నిలబడ్డ బావమరిది ఇక ఊరుకోలేకపోయాడు. అతను లిఫ్టు మెకానిక్కు. పైకీ కిందకీ తప్ప ఇంకో దిక్కుతో పనిలేని ఉద్యోగం, అయినా అన్ని దిక్కుల గురించీ మాట్లాడతాడు.

"బావా, కళ్లు మూసుకుని పొడుగుది తీసుకో. పొడుగుంటే పట్టుంటుంది. లిఫ్టు తిన్నగా పోతోందంటే దేనివల్లనుకున్నావు? పొడుగాటి పట్టాలవల్ల."

సీసాలాయన తల ఊపబోయాడు. "కానీ నాచుందన్నారు కదా, పొడుగుదానికి నాచు చుట్టుకుంటుంది సార్" అన్నాడు షాపతను. ఆయన చెయ్యి వాలు రెక్క వైపు పోయింది. "నాచుకి అది మంచిదే, కానీ పక్కగాలి వస్తే బోర్డుని గట్టిగా పట్టి ఉంచలేదు" అన్నాడు షాపతను. ఆయన చూపు పొట్టిదాని మీద పడింది. "లోతు లేని చోట అది బంగారం, కానీ..." ఆ మూడో 'కానీ' వినకముందే సీసాలాయన కూర్చోడానికి స్టూలు కోసం చుట్టూ చూశాడు.

చివరికి షాపతనే జాలిపడ్డాడు. మూడూ పట్టుకెళ్లి వాడి చూసి, ఒకటి ఉంచుకుని, మిగతా రెండూ గీతలు పడకుండా తెచ్చివ్వమన్నాడు. ఎంచుకోవాల్సిన బాధ చాలదన్నట్టు ఇప్పుడు గీతల బాధ కూడా ఆయన నెత్తిన పడింది.

సీసాలాయన పని ఏమిటో చెబితే చాలామంది నమ్మరు. ఊరికి నీళ్లిచ్చే పెద్ద చెరువులో ఐదు చోట్ల ఎర్రటి ప్లాస్టిక్ బుడ్డీలు తేలుతూ ఉంటాయి. రోజూ పొద్దున్నే ఒక్కో బుడ్డీ దగ్గరికీ పోయి, సీసాని అక్కడి నీళ్లతోనే కడిగి, మోచేతి లోతుకి ముంచి, లోపల గాలి బుడగ లేకుండా మూత బిగించి, ఐసు పెట్టెలో పెట్టుకోవాలి. గట్టు మీద వ్యాను ఎదురుచూస్తూ ఉంటుంది. అది సీసాల్ని పరీక్షల ఆఫీసుకు తీసుకుపోతుంది. వ్యాను వెళ్లిపోయాక వచ్చిన సీసాకి విలువ లేదు. ఊళ్లో కొళాయి తిప్పే ఇన్ని వేలమందిలో ఈయన ఒకడున్నాడని తెలిసినవాళ్లు ఓ పదిమంది ఉంటారేమో. నీళ్లు బాగున్నంతకాలం నీళ్ల గురించే ఎవరూ ఆలోచించరు, ఇక నీళ్లవాడి గురించి ఎవడాలోచిస్తాడు!

ఆయన జీవితంలో ఏదీ తనంతట తాను ఎంచుకోలేదు. ఇది తిట్టు కాదు, ఉన్న మాట. ఈ ఉద్యోగానికి కాగితం పెట్టించింది పెద్దక్క. పిల్లను చూసొచ్చి, "బాగుందిరా, నువ్వూ బాగుందనేయ్" అన్నదీ పెద్దక్కే. ఆయన బాగుందన్నాడు. తర్వాత నిజంగానే బాగుంది కాబట్టి గొడవ లేకపోయింది. ఇంటి గోడల రంగు భార్య ఇష్టం. క్షవరం మంగలి ఇష్టం. హోటల్లో కూర్చుంటే, "నువ్వేది చెబితే నాకూ అదే" అంటాడు. ఒక మనిషి అలా యాభై ఏళ్లకి దగ్గరపడేదాకా హాయిగా బతికేయొచ్చని సీసాలాయనని చూస్తేనే తెలుస్తుంది. లోకం కూడా అలాంటివాళ్లనే ఇష్టపడుతుంది, పని తేలిక.

ఆ హాయి పడవతోపాటే పోయింది. ఇన్నేళ్లూ ఆయన ఒక చిన్న చెక్క పడవలో తిరిగేవాడు. రెండు చేతులా రెండు తెడ్లు, ముందుకి వంగి వెనక్కి లాగడం, అంతే. ఆ పడవ పాతబడింది. దాని తారు, రంగు పెచ్చులు తాగే నీళ్లలో రాలుతున్నాయని పైనుంచి రాశారు. కొత్తగా వచ్చిన ఇంజినీరు మేడమ్, మూతపడ్డ విహారకేంద్రం ఒకదాని నుంచి గాలి నింపే బోర్డు తెప్పించింది. దాని మీది బొమ్మలూ అక్షరాలూ ఎండకు పాలిపోయి చెరిగిపోయాయి. రెండు కొసలూ గుండ్రంగానే ఉన్నాయి. అడుగున గాడి ఉంది గానీ అందులో ఉండాల్సిన రెక్క ఎప్పుడో ఎక్కడో పోయింది.

"రెక్క మీరే చూసుకుని కొనుక్కోండి, బిల్లు ఇవ్వండి" అంది మేడమ్. "వచ్చే సోమవారం నేనొచ్చి చూస్తాను. ఐదు సీసాలూ వ్యాను టైముకి గట్టెక్కాలి. లేదంటే బుడ్డీల దగ్గర మెషిన్లు పెట్టించేస్తాను, పైపుల్లోంచి వాటంతటవే నీళ్లు తీసుకుంటాయి. మీకు పంపు రూములో డ్యూటీ ఉంటుంది. ఉద్యోగానికేం ఢోకా లేదు, భయపడకండి."

ఆమె ఈ మాట కటువుగా అనలేదు. కటువుగా అనుంటే కనీసం తిట్టుకోవడానికైనా వీలుండేది.

పంపు రూము కట్ట కింద ఉంటుంది. కిటికీలు లేవు. ఒక కుర్చీ, ఒక ఫ్యాను, గోడ నిండా ముళ్లు వణికే గడియారాల్లాంటి మీటర్లు, రోజంతా పంపుల మోత. అక్కడ పనిచేసి రిటైరైన ఆయన ఇప్పుడు కూతురి ఇంట్లో టీవీ పెద్ద సౌండుతో పెట్టుకుని కూర్చుంటాడు, ఎవరేమన్నా "ఆఁ?" అంటాడు. సీసాలాయన ఒక్కసారి ఏదో పని మీద ఆ గదిలోకి పోయి, ఊపిరాడనట్టయి బయటపడ్డాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పినా, "ఫ్యానుంది, కుర్చీ ఉంది, ఇంకేం కావాలి బావా నీకు, సింహాసనమా?" అంటాడు బావమరిది. డ్యూటీ సంగతి విన్నప్పుడు అన్నాడు కూడా.

మర్నాడు పొడుగు రెక్క బిగించుకుని నీళ్లలో దిగాడు.

గట్టు దగ్గర లోతు తక్కువ కాబట్టి, రెక్కకి గీతలు పడకూడదు కాబట్టి, రెక్క ఉన్న కొసని ముందుగా లోతు వైపు తోశాడు. పడవలోనూ అడుగున ఇలాంటి చెక్క పలక ఉన్న కొస ఎప్పుడూ ఆయన కళ్లెదురుగానే ఉండేది, ఐసు పెట్టె కూడా అటే ఉండేది. అలవాటు చొప్పున ఇక్కడా పెట్టె అటే కట్టాడు. పడితే బోర్డు దూరం పోకుండా కాలికి కట్టుకునే తాడు కొక్కెం కూడా ఎదురుగానే కనబడింది, మంచిదే అనుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక కాలు, ఇంకో కాలు, మెల్లగా లేచి నిలబడ్డాడు. తెడ్డు వేశాడు.

బోర్డు కుడికి తిరిగింది. సరిచేద్దామని ఇటు వేస్తే ఎడమకి తిరిగింది, అక్కడితో ఆగకుండా ఇంకా తిరిగింది. మొదటి బుడ్డీ ఎదురుగానే ఉంది, కేకేస్తే వినబడేంత దూరం. ఆయన దాని చుట్టూ ఉన్న నీళ్లన్నీ తిరిగాడు గానీ దాని దగ్గరికి మాత్రం పోలేకపోయాడు. రెండుసార్లు పడ్డాడు. ఆ పూట మేడమ్ అనుమతితో వేరే ఊరి నుంచి తెచ్చిన మోటారు పడవే సీసాలు నింపింది. సోమవారం దాకా అది ఉంటుంది.

"పొడుగుంటే పట్టుంటుందన్నావు" అన్నాడు సాయంత్రం బావమరిదితో.

"ఉంటుంది బావా. అతిగా పట్టేసినట్టుంది. పొట్టిది పెట్టు."

పొట్టిది పెట్టాడు. కాస్త నయమనిపించింది. తిరుగుడు తగ్గింది, పడటం ఒక్కసారితో సరిపోయింది. ఎలాగో మొదటి బుడ్డీ ముట్టుకుని ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో గట్టుకి వచ్చాడు. అయితే ఇదే రెక్క కాబోలు అనుకున్నాడు. కానీ పోటీల్లో పొడుగు రెక్కలే వాడతారని షాపతను గొప్పగా చెప్పాడే! పొడుగుదాంతో అసలు కదల్లేకపోయాం, పొట్టిదాంతో కాస్త కదిలాం, మరి పోటీలవాళ్లు పిచ్చివాళ్లా? షాపుకి ఫోన్ చేసి అడిగాడు.

"తెడ్డు ఒకవైపే వేస్తున్నారా సార్?"

"రెండువైపులా వేస్తున్నానండీ."

"తెడ్డు తిరగేసి పట్టుకున్నారేమో చూడండి."

చూశాడు. తిరగేసి పట్టుకోలేదు. "రెక్కని గాడిలో కొంచెం వెనక్కి జరపండి" అన్నాడతను. జరిపాడు. ఇంకా తిరిగింది. ముందుకి జరిపాడు. ముందుకి జరిపితే నయమా, వెనక్కి జరిపితే నయమా అన్నది కూడా తేలలేదు. ముందు అంటే ఎటు, వెనక అంటే ఎటు అని ఆయనెందుకో ఒక్క క్షణం ఆగాడు గానీ, అంతలో గట్టు మీద నుంచి బావమరిది, "బావా, ఎడమ కాలు మీద బరువెయ్యి!" అని అరిచాడు. ఆ ఆలోచన నీళ్లలో పడింది, వెనకే ఆయన కూడా.

ఇక మిగిలింది వాలుది. నాచుకోసమే పుట్టిన రెక్క. మూడో బుడ్డీ దగ్గర వాగు వచ్చి చెరువులో కలుస్తుంది. నీళ్లకి జబ్బు వస్తే మొదట తెలిసేది అక్కడే. అందుకని అక్కడి సీసా మిగతా నాలుగింటికన్నా ముఖ్యం. అక్కడే నీళ్ల కింద నాచు జడలు జడలుగా పెరిగి ఉంటుంది. "ఈ రెక్క వాలుంది చూశారా, నాచు దీని మీద నుంచి అలా జారిపోతుంది సార్, తడి చేతిలో సబ్బులా" అని షాపతను చేత్తో గాల్లో గీసి మరీ చూపించాడు.

శుక్రవారం ఆ రెక్కతో నాచు మడుగు దాకా వంకరటింకరగా పోయాడు. నాచులోకి దూరాడో లేదో, అడుగు నుంచి ఎవరో పట్టుకుని లాగినట్టు బోర్డు ఆగిపోయింది. పొట్టిదాంతో ఎక్కడా ఇంతలా ఆగిపోలేదు. వంగి, చెయ్యి నీళ్లలో పెట్టి చూశాడు. ఆ సబ్బులాంటి రెక్క నాచుని కొడవలిలా పోగేసుకుని కూర్చుంది. జారాల్సింది జారలేదు, పట్టకూడనిది పట్టింది. ఆయనకి నిజంగా భయమేసింది. రెక్కల మీద కాదు, తన మీద. ఏది ముట్టుకున్నా తలకిందులవుతోంది. పంపు రూమే తన తలరాత కాబోలు, అక్కడైతే ఏ మీటరు చూడాలో గోడ మీద రాసే ఉంటుంది.

బోర్డుని వెనక్కి తిప్పడానికి చోటు లేదు. అటూ ఇటూ నాచే. చేసేదేం లేక, బోర్డుని అలాగే ఉంచి, దాని మీద తనే జాగ్రత్తగా వెనక్కి తిరిగాడు. వచ్చిన దారినే పోదామని తెడ్డు వేశాడు.

నాచు జారిపోయింది. బోర్డు కదిలింది. మడుగు దాటాక కూడా తిన్నగానే పోయింది, గీత గీసినట్టు, తాడు కట్టి గట్టు మీద నుంచి ఎవరో లాగుతున్నట్టు. రెండోవైపు తెడ్డు వెయ్యాల్సిన అవసరమే మాటిమాటికీ రాలేదు. సీసాలాయన సంతోషపడలేదు, ఇంకా గాభరాపడ్డాడు. పొద్దుట్నుంచీ నరకం చూపించిన సామాను ఉన్నట్టుండి మంచిగా మారితే ఎవరికైనా అనుమానమే వస్తుంది.

ఇంటికొచ్చేసరికి భార్య కుట్టు మిషను దగ్గర కర్టెన్లు కుడుతోంది. అవి ఏదో హాస్టలు ఆర్డరు, గది నిండా పచ్చ గుడ్డ పరుచుకుని ఉంది. బావమరిది మంచం మీద కూర్చుని బటానీలు నములుతున్నాడు. సీసాలాయన జరిగింది చెప్పాడు.

"గాలి మారుంటుంది బావా" అన్నాడు బావమరిది.

"గాలే లేదురా ఇవాళ."

"అయితే లోపల నీటి వాలు ఉంటుంది. పైకి కనబడదు."

"చెరువులో నీటి వాలేంటిరా?"

"కనబడదన్నాగా."

భార్య దారం కొరికి, మిషను ఆపింది. "ఉండండి. పోయేటప్పుడు రెక్క ఎటుంది?"

"నాకెదురుగా. ముందు."

"వచ్చేటప్పుడు?"

"నేను వెనక్కి తిరిగాను కదా. వెనకుంది."

"ముందుంటే పోలేదు, వెనకుంటే పోయింది. అంతేగా మీరు చెప్పింది?"

"అంతే... కానీ పడవలో ఇన్నేళ్లూ ఆ కొస నాకెదురుగానే ఉండేదిగా."

"పడవలో మీరు వీపు ముందుకి పెట్టి, వెనక్కి చూస్తూ పోయేవారండీ!"

బావమరిది నోట్లో బటానీ ఆగింది. సీసాలాయన చేతులు రెండూ గాల్లోకి లేచాయి, లేని తెడ్లు పట్టుకుని రెండుసార్లు లాగి చూసుకున్నాడు. నిజమే. ఇన్నేళ్లూ తను పోయే చోటుకి వీపు పెట్టే పోయాడు. ఎదురుగా ఉన్నది పడవ వెనక భాగం. దాన్నే ముందనుకుని ఈ కొత్త బోర్డు మీద కూడా దానికే మొహం పెట్టి నిలబడ్డాడు. ఐదు రోజులుగా బోర్డుని తోక ముందు పెట్టి నడిపిస్తున్నాడన్నమాట.

అప్పుడు మొదలైంది బావమరిది నవ్వు. మంచం మీద నుంచి పచ్చ గుడ్డ మీదికి జారి, గుడ్డ నలుగుతుందని అక్క చేత రెండు దెబ్బలు తిని, గుమ్మం బయటికి పోయి కూడా నవ్వాడు. "బావా, నువ్వు లిఫ్టెక్కినా గోడ వైపు చూస్తావుగా! నాకు ముందే తెలియాల్సింది!"

"నీకేం తెలుసురా? పట్టాలన్నావు, గాలన్నావు, నీటి వాలన్నావు" అంది భార్య.

బావమరిది నవ్వడం నవ్వాడు గానీ, ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ఐదు రోజుల్లో సీసాలాయన అడగని మనిషి లేడు. అందరూ రెక్క గురించి చెప్పారు, తెడ్డు గురించి చెప్పారు, కాలి బరువు గురించి చెప్పారు. నువ్వు ఎటు తిరిగి నిలబడ్డావయ్యా అని ఒక్కడూ అడగలేదు. సలహా ఇచ్చేవాడికి ఎదుటివాడు ఎలా నిలబడ్డాడో చూసే తీరిక ఎక్కడిది?

అక్కడితో కష్టాలు తీరితే ఈ కథ చెప్పాల్సిన పని లేదు.

శనివారం సరైన వైపు తిరిగి నిలబడి మూడు రెక్కలూ వరసగా పెట్టి చూశాడు. మూడూ పనిచేశాయి. అదే వచ్చిన చిక్కు. ఒకటే పనిచేసి రెండు చెడిపోయుంటే ఆయనకి పండగే. పొడుగుది పెద్ద నీళ్లలో బాణంలా పోయింది. గాలి తగిలినా చలించలేదు. కానీ మూడో బుడ్డీ దగ్గర నాచు చుట్టుకుని నిలిపేసింది. పొట్టిది ఎటు తిప్పితే అటు తిరిగింది. కానీ రెండు తెడ్లకోసారి దారి తప్పింది, పొడుగు దూరాలకి ఆ రెక్కతో ప్రాణం విసిగిపోతుంది. వాలుది నాచులో నిజంగానే సబ్బులా జారింది. కానీ మధ్య నీళ్లలో పక్కగాలి వీచినప్పుడు బోర్డు తోక పక్కకి కొట్టుకుపోయింది. నాచు నాలుగో వంతు దారి కూడా ఉండదు. గాలి తగిలే మధ్య నీళ్లే దారంతా. మరి నాచుని చూసుకోవాలా, దారిని చూసుకోవాలా?

పొట్టిదాన్ని మాత్రం తీసి పక్కన పెట్టాడు. అంతవరకే సాగింది. మిగతా రెండింటినీ ఆదివారమంతా భోజనాల బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు, తగువులో ఇద్దరూ నిజమే చెబుతున్నారని తెలిసిన పెద్దమనిషిలా.

పెద్దక్కకి ఫోన్ చేశాడు.

"రెక్కలేంట్రా? కోడివా?"

వివరంగా చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది. "ఒరే తమ్ముడూ, నీకు పెళ్లికూతుర్ని చూడమంటే చూశాను. ఈ నాచు సంగతి నాకేం తెలుసు? మీ ఆవిడనడుగు."

భార్యని అడిగాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి రెండింటినీ చూసింది. ఆయన ఆశగా చూశాడు.

"చెప్పను" అంది.

"అదేంటే?"

"నేనొకటి చెప్పి, అది కుదరక మిమ్మల్ని పంపు రూములో పడేస్తే, రోజూ సాయంత్రం మీ మొహం చూడాల్సింది నేను. నీవల్లే అని మీరు పైకి అనరు. అనకుండా కూర్చుంటారు. అది నా వల్ల కాదు."

"పంపు రూమైతే నాకు..." అని ఆగిపోయాడు.

"తెలుసు" అందామె. "ఆ రోజు ఆ గదిలోంచి వచ్చి అన్నం తినలేదు మీరు. నేనడగలేదు, మీరు చెప్పలేదు. వెళ్లాలని లేదని ఆ మేడమ్‌కైనా నోరు తెరిచి చెప్పారా? పోనీ నాకు చెప్పారా? ఇప్పుడు రెక్క నన్ను చెప్పమంటున్నారు."

ఆమె లోపలికి పోయింది. కాసేపటికి మిషను మోగడం మొదలైంది. సీసాలాయన పొడుగు రెక్క చేతిలోకి తీసుకున్నాడు, పెట్టాడు. వాలుది తీసుకున్నాడు, పెట్టాడు. ఎటు చూసినా న్యాయంగానే ఉంది. న్యాయం రెండువైపులా ఉన్నప్పుడు మనిషి ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ సరిగ్గా రాసి ఉండదు. చివరికి ఒక ముక్క తట్టింది. గాలి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నాచు మాత్రం ఉంటుంది. అది గొప్ప ఆలోచనో, చాతకాని ఆలోచనో ఆయనకి తెలియలేదు. కానీ ఎవరూ చెప్పలేదు, తనకే తట్టింది. అంతలో మనసు మారుతుందేమోనని భయపడి, గబగబా వాలు రెక్కని గాడిలో దూర్చి మర బిగించేశాడు.

సోమవారం గాలి వచ్చింది.

పొద్దున్నే గట్టు మీద నిలబడి చూస్తే చెరువంతా గొర్రె ఉన్నిలా ముడతలు పడుతోంది. ఇంజినీరు మేడమ్ అప్పటికే వచ్చింది, ఫైలు గుండెలకి అదుముకుని, ఎగురుతున్న జుట్టుని వేళ్లతో పట్టుకుని. వ్యాను డ్రైవరు వెచ్చటి బానెట్ మీద చెయ్యి పెట్టి చలి కాచుకుంటున్నాడు. బావమరిది సెలవు పెట్టి మరీ వచ్చాడు.

"బావా, గాలి చూశావా? పొడుగుది తెచ్చాను, సంచిలో ఉంది. ఇప్పుడైనా మార్చెయ్. రెండు నిమిషాల పని."

సీసాలాయన చెరువు వంక చూశాడు, సంచి వంక చూశాడు. "వద్దురా" అన్నాడు. ఎందుకు వద్దో అడిగితే చెప్పలేడు. అందుకే అడిగేలోపల నీళ్లలో దిగాడు.

మొదటి రెండు బుడ్డీలూ గాలి తగలని గట్టు చాటునే కాబట్టి బాగానే గడిచాయి. నాచు మడుగులో రెక్క సబ్బులా జారింది. మూడో సీసా ముంచి, బుడగ లేకుండా మూత పెట్టి, గుండె మీద చెయ్యేసుకున్నాడు. అక్కడి నుంచి మధ్య నీళ్లలోకి వచ్చేసరికి గాలి పక్క నుంచి కొట్టింది. బోర్డు తోక జారడం మొదలుపెట్టింది. నాలుగో బుడ్డీ ఎదురుగా ఉండగా తను మాత్రం ఇంకెటో పోతున్నాడు. ఒకేవైపు తెడ్డు వేసి వేసి భుజం మండింది. పొడుగు రెక్క ఉండుంటే ఈపాటికి చేరేవాణ్ణి అని ప్రతి తెడ్డుకీ అనుకున్నాడు. బావమరిది మాట వినుంటే, షాపతని మాట వినుంటే, ఇంకెవరి మాటైనా వినుంటే. చివరికి నిలబడటం మానేసి మోకాళ్ల మీదికి దిగాడు. గాలికి అడ్డం తగ్గింది. చూసేవాళ్లకి అందంగా ఉండదు, అది పోటీల్లో వాళ్లు పోయే పద్ధతి కాదు. కానీ బోర్డు కదిలింది. నాలుగోది అందింది. కట్ట పక్కనున్న ఐదోది కూడా అందింది.

గట్టుకి చేరేసరికి వ్యాను ఇంజను స్టార్టు చేసి ఉంది. టైము దాటిపోయింది. ఎంతో కాదు, అయినా దాటింది. బావమరిది పరుగెత్తుకొచ్చి పెట్టె అందుకున్నాడు.

మేడమ్ మూత తీసి సీసాలు చూసింది. "ఐదూ ఉన్నాయి" అంది.

"ఉన్నాయి మేడమ్."

"ఆలస్యమైంది."

"అయింది మేడమ్."

"ఇంత గాలిలో వేరే రెక్కతో అయితే టైముకి వచ్చేవారు కదా? ఇందాక మీ బావమరిది చెప్పాడు."

సీసాలాయన చూస్తే బావమరిది తల వంచుకున్నాడు. "వచ్చేవాణ్ణి మేడమ్. నాలుగు సీసాలతో. మూడో బుడ్డీ దాకా ఆ రెక్క పోదు. వాగు నీళ్లు వచ్చి పడేది అక్కడే."

"నాలుగు టైముకి వస్తే కుదరలేదని రాసేదాన్ని" అంది మేడమ్ మెల్లగా. "ఐదు ఆలస్యంగా వస్తే ఏం రాయాలో నాకూ అర్థం కావడం లేదు."

"మేడమ్, నన్ను పొమ్మంటారా, ఉండమంటారా?" అని అరిచాడు వ్యాను డ్రైవరు.

"ఉండు!" అని తిరిగి అరిచి, ఆమె సీసాలాయన వైపు తిరిగింది. "పంపు రూము మీకు ఇష్టమేనా? నేను అడగనే లేదు."

ఆయన నోరు తెరిచాడు. మీ ఇష్టం మేడమ్ అన్న మాట నాలిక మీదికి రానే వచ్చింది, జీవితమంతా అక్కడే కాపురమున్న మాట అది. దాన్ని మింగడానికి కొంత సమయం పట్టింది.

"ఇష్టం లేదు మేడమ్. నేను నీళ్ల మీదే ఉంటాను."

చెప్పాక తనే ఉలిక్కిపడ్డాడు. మేడమ్ ఫైలు చంకలో పెట్టుకుంది. "రేపటి నుంచి అరగంట ముందు దిగండి. మెషిన్ల సంగతి ఎండాకాలం దాకా ఆపుతాను. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలీదు, మాటివ్వను" అంది. పెట్టె వ్యానులోకి ఎక్కింది, తలుపు మూసుకుంది.

పోతూ పోతూ ఆమె ఆగి, "ఇంతకీ, రేపు కూడా ఇదే రెక్కా?" అని అడిగింది.

"రేపు పొద్దున్న నీళ్లు చూసి చెబుతాను మేడమ్."

వ్యాను మలుపు తిరిగాక, అంతవరకూ ఒళ్లు తెలియకుండా కొట్టిన గాలి మెల్లగా పడిపోయింది. చెరువు అద్దంలా అయింది. బావమరిది దాన్ని చూసి, "ఈ గాలికి బుద్ధుందా బావా? ముందే పడిపోయుంటే ఏం పోయింది?" అన్నాడు. పొడుగుదే పెట్టాల్సిందా, ఇదే సరైనదా, అసలు ఇవాళ గెలిచాడా ఓడాడా అన్నది సీసాలాయనకి ఇంకా తేలలేదు. తేలకపోయినా ఆకలేస్తోందన్న సంగతి మాత్రం స్పష్టంగా తెలుస్తోంది. తడి చొక్కా పిండుకుని, బోర్డుని చంక కింద పెట్టుకుని గట్టెక్కాడు.